ఎనిమిది రాళ్ళ గీత

కోతల కాలంలో జనగామ చుట్టుపక్కల వడ్లు కొనే ఏ ఐకేపీ సెంటర్‌కు వెళ్ళినా ముందు వినపడే మాట ధర గురించి కాదు, తేమ గురించి. మీటరు 17 శాతం దాటి చూపిస్తే కాంటా పెట్టరు. రైతు వడ్లను మళ్ళీ ఆరబోస్తాడు. కాలితో సాళ్ళు తీస్తూ తిరగేస్తాడు, మబ్బు పడితే కవర్లు కప్పుతాడు, ఎండ రాగానే తీస్తాడు. మహబూబాబాద్ మార్కెట్లో మిర్చికీ ఇదే లెక్క. భూపాలపల్లిలో బొగ్గు లారీ వేబ్రిడ్జి ఎక్కనిదే గేటు దాటదు. నీరు తూకాన్ని ఎలా మారుస్తుందో ఈ మూడు జిల్లాల వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

వడ్లను ఆరబెడితే గింజ చెడదు, నిల్వకు ఇంకా మంచిది. మనిషి ఒంటిని కూడా అలాగే ఆరబెట్టి కాంటా ఎక్కించే ఆట ఒకటుంది, బాక్సింగ్. అందులో ఛాంపియన్ అయినవారిని ప్రతి తరంలోనూ ఒక ప్రశ్న వెంటాడింది. ఉన్న బరువు విభాగంలోనే ఒళ్ళు ఎండబెట్టుకుంటూ కొనసాగాలా, లేక పై విభాగానికి వెళ్ళి తనకన్నా పెద్ద ఒళ్ళున్న వాళ్ళను ఎదుర్కోవాలా? తెలుగు నేల మీద ఈ ప్రశ్నను అందరికన్నా దగ్గరగా చూసిన బాక్సర్ నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్. 50, 51, 52, 54 కిలోలు, ఈ నాలుగు అంకెల మధ్య ఆమె పదేళ్ళు అటూ ఇటూ తిరిగింది. ఆమె ప్రయాణం అర్థం కావాలంటే ముందు ఆ అంకెలు ఎక్కడివో చూడాలి.

గీత గీసినవారు

ఇంగ్లండులో పిడిగుద్దుల పందేలు మొదలైన రోజుల్లో బరువు విభాగాలు లేవు. ఎంత బరువున్నా బరిలో దిగినవాడు దిగినట్టే. 1867లో వచ్చిన క్వీన్స్‌బరీ నియమాలు గ్లవ్స్‌ను, మూడు నిమిషాల రౌండును స్థిరపరిచాయి. బరువు సంగతి తేలడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది. 1909లో లండన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ ఎనిమిది విభాగాలను ఖరారు చేసింది. వాటిలో అన్నిటికన్నా చిన్నది ఫ్లైవెయిట్. దాని హద్దు 8 స్టోన్లు.

స్టోన్ అంటే రాయి. మన ఊళ్ళలో తూకపు గుండ్లను రాళ్ళు అన్నట్టే, ఇంగ్లిషువాళ్ళు తమ పాత కొలతను రాయి అన్నారు. ఒక స్టోన్ 14 పౌండ్లు. ఎనిమిది స్టోన్లు 112 పౌండ్లు, అంటే 50.8 కిలోలు. 1948 లండన్ ఒలింపిక్స్ నాటికి అది 51 కిలోలైంది. 2012 ఒలింపిక్స్‌లో మన బాక్సర్ మేరీ కోమ్ కాంస్యం గెలిచిన 51, నిఖత్ 2025లో ఆడిన 51, రెండూ ఆ ఎనిమిది రాళ్ళ గీతకు కిలోల లెక్కే.

ఆ గీత గీసింది చిన్న ఒంటివాడిని కాపాడడానికి. పెద్ద ఒళ్ళున్నవాడు వచ్చి మీద పడకూడదన్నదే దాని ఉద్దేశం. కాలక్రమంలో అదే గీత వేరే పనులకు వాడుకలోకి వచ్చింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అది నిచ్చెన మెట్టయింది. ఎన్ని మెట్లెక్కి ఎన్ని బెల్టులు గెలిస్తే అంత కీర్తి. ఒలింపిక్ బాక్సింగ్‌లో అది కుర్చీ అయింది. దేశానికి విభాగానికి ఒక్కరే కాబట్టి, ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుని ఉంటే వెనకవాళ్ళు ఆగాలి, లేదా పక్క కుర్చీ వెతుక్కోవాలి.

నిచ్చెన ఎక్కినవారు

నిచ్చెన ఎక్కడంలోని ప్రమాదం 1952 జూన్ 25 రాత్రి న్యూయార్క్ యాంకీ స్టేడియంలో లోకమంతా చూసింది. మిడిల్‌వెయిట్ ఛాంపియన్ షుగర్ రే రాబిన్సన్ పై విభాగపు ఛాంపియన్ జోయీ మాక్సిమ్‌తో తలపడ్డాడు. రాబిన్సన్ బరువు 157.5 పౌండ్లు, మాక్సిమ్ 173. రింగు దగ్గర వేడి మన రోహిణి కార్తెను తలపించింది, దాదాపు 40 డిగ్రీలు. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ ఆ వేడికి తాళలేక మధ్యలోనే తప్పుకున్నాడు, ఆయన స్థానంలో మరొకరు వచ్చారు. రాబిన్సన్ వేగంలో, నేర్పులో ముందే ఉన్నాడు. న్యాయనిర్ణేతల పాయింట్లలోనూ ముందే ఉన్నాడు. పదమూడో రౌండు ముగిసేసరికి కాళ్ళు చచ్చుబడ్డాయి. పద్నాలుగో రౌండుకు స్టూలు మీంచి లేవలేకపోయాడు.

ఆ ఓటమికి ఎండను నిందించడం సులువు. కానీ అదే ఎండ మాక్సిమ్ మీదా ఉంది. పదిహేను పౌండ్లు ఎక్కువున్న మనిషిని పట్టుకుని, నెట్టుకుని, అతని భారం మోస్తూ పదమూడు రౌండ్లు తిరిగినవాడు రాబిన్సన్. పై విభాగంలో దెబ్బ ఒక్కటే బరువు కాదు. ప్రత్యర్థి మీదికి వాలడమూ బరువే, కౌగిలి పట్టడమూ బరువే.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పక్వియావ్‌ది. 1998లో ఆ ఎనిమిది రాళ్ళ గీత దగ్గరే, 112 పౌండ్ల విభాగంలో, అతను ప్రపంచ టైటిల్ గెలిచాడు. అప్పటికి వయసు ఇంకా ఇరవై నిండలేదు, ఒళ్ళు పెరుగుతూనే ఉంది. 1999 సెప్టెంబర్‌లో టైటిల్ కాపాడుకోవాల్సిన పోటీకి బరువు దిగలేకపోయాడు. టైటిల్ కాంటా మీదే పోయింది. బరిలో మూడో రౌండులో నాకౌట్ అయ్యాడు. ఆ తరువాత 112 కోసం మళ్ళీ ఎండిపోలేదు. 2001లో 122 పౌండ్ల విభాగంలో టైటిల్ గెలిచాడు. 2010 నాటికి 154 పౌండ్ల విభాగపు టైటిల్‌తో కలిపి ఎనిమిది విభాగాల్లో ఛాంపియన్ అయ్యాడు. అతని ఒళ్ళు ముందు పెరిగింది, బరువు విభాగం దాని వెనక నడిచింది. రాబిన్సన్ ఆ రాత్రి ఒంటిని వెనక వదిలి కీర్తి వెంట నడిచాడు. ఈ రెండు నడకల మధ్య ఉన్న తేడా మన కథకు తాళంచెవి.

కుర్చీ కోసం

ప్రొఫెషనల్ బాక్సర్‌కు సాధారణంగా పోటీకి ముందురోజే తూకం. కాంటా దిగాక నీళ్ళు తాగి, అన్నం తిని, నిద్రపోయి మర్నాడు బరిలో దిగుతాడు. ఒలింపిక్ బాక్సింగ్‌లో అలా కాదు. బౌట్ ఉన్న ప్రతి ఉదయమూ తూకం ఉంటుంది. దిగాక చేతిలో ఉండేవి కొన్ని గంటలే. పోటీ రెండు వారాలు సాగితే రెండు వారాలూ ఒళ్ళు ఆ గీత కిందే ఉండాలి.

ఒంట్లో నీరు శరీర బరువులో 2 శాతం తగ్గితేనే శ్రమించే శక్తి సన్నగిల్లుతుందని క్రీడా శరీరశాస్త్రం చెబుతుంది. 85 కిలోల మనిషికి అది 1.7 కిలోలు. 50 కిలోల అమ్మాయికి ఒక్క కిలోనే. చిన్న విభాగంలో ఒక కిలో తేడా కాగితం మీద చిన్నది, ఒంటి మీద పెద్దది. 51 నుంచి 54కు వెళ్ళడం అంటే ప్రత్యర్థి తనకన్నా దాదాపు ఆరు శాతం బరువెక్కడం.

ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ 2012లో లండన్‌లో మొదలైంది. ఇచ్చిన విభాగాలు మూడే: 51, 60, 75. మేరీ కోమ్ అప్పటికి ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్, అన్ని టైటిళ్ళూ 45 నుంచి 48 కిలోల మధ్యే. ఆమె పై విభాగానికి వెళ్ళాలా వద్దా అని ఎవరూ చర్చించలేదు, ఎందుకంటే కింద కుర్చీయే లేదు. మూడు కిలోలు ఎక్కింది, సెమీఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6–11తో ఓడింది. దేశానికి కాంస్యం దక్కింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో అదే 51లో స్వర్ణం గెలిచింది. అయితే 2018లో ఆరో ప్రపంచ టైటిల్ గెలిచింది మళ్ళీ 48లోనే. ఆమె ఒళ్ళు ఎక్కడిదో ఆ ఒక్క విషయం చెబుతుంది.

తెలుగువారికి ఇలాంటి కథ అంతకుముందే ఒకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ ఛాంపియన్. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల్లో రజతం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో దిగింది 69 కిలోల్లో. ఐదేళ్ళలో పదిహేను కిలోల పై విభాగం. సెప్టెంబర్ 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలు అడిగింది, బార్ నిలవలేదు. మొదటి ఇద్దరూ 242.5 ఎత్తి సమంగా నిలిస్తే ఒంటి బరువు తక్కువున్న చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్‌కు స్వర్ణం ఇచ్చారు. మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో భారత మహిళ గెలిచిన మొదటి పతకం అది.

మల్లీశ్వరి ఎక్కినదీ మేరీ ఎక్కినదీ ఒకే రకం మెట్టు కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎదుట ఉండేది ఇనుము. ఒళ్ళు పెరిగితే ఇంకొంత ఇనుము ఎత్తవచ్చు, ఇనుము తిరిగి కొట్టదు. బాక్సింగ్‌లో పై విభాగానికి వెళ్తే తన పిడికిలితోపాటు ఎదుటివారి పిడికిలీ బరువెక్కుతుంది.

నిజామాబాద్ అమ్మాయి

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ క్రీడాకారుడు, కూతురిని మొదట పరుగు పందేల వైపు నడిపించాడు. తరువాత అదే ఊళ్ళో శంసముద్దీన్ దగ్గర బాక్సింగ్ శిక్షణ. 2011లో టర్కీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో స్వర్ణం, 2014లో బల్గేరియాలో ప్రపంచ యూత్ పోటీల్లో రజతం.

సీనియర్ స్థాయికి వచ్చేసరికి 51 కిలోల కుర్చీలో మేరీ కోమ్ ఉంది. 2016 ఆస్తానా ప్రపంచ పోటీల్లో నిఖత్ 54 కిలోల్లో ఆడింది, క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఈ పైకెళ్ళడం ఒంటి కోరిక కాదు, వరసలో నిలబడిన మనిషి పక్క తలుపు తట్టడం. 2017లో భుజం గాయం ఆమెను బరికి దూరం చేసింది. తిరిగి వచ్చి 2019లో బల్గేరియా స్ట్రాంజా టోర్నీలో 51లో స్వర్ణం, బ్యాంకాక్ ఆసియా పోటీల్లో కాంస్యం గెలిచింది. ఆ ఏడాది అక్టోబర్‌లో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక ట్రయల్ ద్వారానే జరగాలని కోరుతూ కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9–1తో గెలిచింది. టోక్యో దారి మూసుకుపోయింది.

తరువాత విభాగాలే మారాయి. 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల నాటికి మహిళలకు పన్నెండు విభాగాలు, చిన్నవాటిలో 48, 50, 52, 54. అంటే 51 పోయి దాని రెండు పక్కలా రెండు గీతలు వచ్చాయి. నిఖత్ పై గీత ఎంచుకుంది. మే 19న 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఈ గౌరవం పొందిన భారత మహిళల్లో ఆమె ఐదోది. ఆ పోటీల్లో ఆమె ఒంటికి సరిపోయిన బరువుతో, నిండు బలంతో ఆడింది.

కానీ పారిస్ ఒలింపిక్స్ జాబితాలో 52 లేదు. ఉన్నవి 50, 54. ఛాంపియన్‌గా ఆమె ముందు నిజమైన ప్రశ్న అప్పుడు వచ్చింది. ఎక్కాలా, దిగాలా? ఆమె దిగింది. ఫలితాలు మొదట ఆ నిర్ణయాన్ని సమర్థించాయి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల స్వర్ణం. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి టామ్‌పై 5–0తో రెండో ప్రపంచ టైటిల్. మేరీ తరువాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్ళు గెలిచిన భారత మహిళ ఆమే.

అదే రోజు, అదే బరిలో మరో కథ జరిగింది. అస్సాం బాక్సర్ లవ్లీనా బొర్గొహైన్ టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం గెలిచింది. పారిస్ జాబితాలో 69 లేదు, దాని రెండు పక్కలా ఉన్నవి 66, 75. పొడవైన లవ్లీనా పైకి వెళ్ళింది, ఢిల్లీలో 75 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒకరు దిగి గెలిచారు, ఒకరు ఎక్కి గెలిచారు. ఇద్దరినీ కదిలించింది ఒకే జాబితా.

దిగినదాని ఖర్చు తరువాత తెలిసింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెమీఫైనల్ చేరి నిఖత్ ఒలింపిక్ బెర్తు సంపాదించింది, సెమీస్‌లో థాయ్ బాక్సర్ చుతమత్ రక్సత్ చేతిలో 2–3తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. పారిస్‌లో మొదటి బౌట్ గెలిచాక 2024 ఆగస్టు 1న చైనా బాక్సర్ వు యూతో తలపడి 0–5తో ఓడింది. బరువు దించడం కోసం బౌట్‌కు ముందు రెండు రోజులు తినలేదని, తూకం అయ్యేదాకా నీళ్ళు కూడా తాగలేదని ఆ తరువాత విలేకరులకు చెప్పింది. ఓటమికి అదొక్కటే కారణమనడం చరిత్రకారుడికి తగదు. వు యూ టాప్ సీడ్, చివరికి స్వర్ణం గెలిచింది. ఆమె కూడా 2023లో 52 కిలోల ప్రపంచ ఛాంపియన్, ఆమె కూడా 50కి దిగింది. ఒకే మందు ఒక ఒంటికి పడింది, మరో ఒంటికి కీలక సమయంలో పడలేదు. బరువు విషయంలో సూత్రాలు పోటీపడవు, ఒళ్ళు పోటీపడతాయి.

అదే పారిస్‌లో ఆరు రోజుల తరువాత కుస్తీలో వినేశ్ ఫోగాట్‌కు జరిగింది దేశమంతటికీ గుర్తే. 53 నుంచి 50కి దిగి, ఫైనల్ చేరి, రెండో రోజు ఉదయం కాంటా మీద 100 గ్రాములు ఎక్కువై అనర్హురాలైంది. వంద గ్రాములంటే ఒక చిన్న గ్లాసు మంచినీళ్ళు.

మళ్ళీ ఆ గీతకే

2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ కొత్త జాబితా ఇచ్చింది. మహిళలకు 48 తరువాత 51. నిఖత్ మళ్ళీ ఎనిమిది రాళ్ళ గీత దగ్గరికి వచ్చింది. సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో టర్కీ బాక్సర్ బుసె నాజ్ చాకిరోగ్లు చేతిలో ఓడింది. 2019 ప్రపంచ పోటీల సెమీస్‌లో మేరీ కోమ్‌ను ఇదే 51లో ఆపింది కూడా ఆమే. నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్ 51 కిలోల స్వర్ణం గెలిచింది.

శంసముద్దీన్ కుమారుడు, అదే నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్‌దీ ఇదే చిక్కు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 56 కిలోల్లో కాంస్యం గెలిచాడు. ఆ విభాగం 57 అయింది. 2022 కామన్వెల్త్‌లో, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో ఆ 57లోనే కాంస్యాలు గెలిచాడు. 2025 జాబితాలో పురుషులకు 57 లేదు. ఒక పక్క 55, మరో పక్క 60.

ఈ చరిత్రంతా ముందు పెట్టుకుంటే నాకు తోచేది ఇది. ఛాంపియన్ పై విభాగానికి వెళ్ళవచ్చు, వెళ్ళాలి కూడా, ఒళ్ళు ముందే అక్కడికి చేరి ఉంటే. పక్వియావ్‌లా కింది గీత ఒంటిని ఆరబెట్టడం మొదలుపెట్టిన రోజే పైకి వెళ్ళే రోజు. లవ్లీనాలా పొడవు, ఎముక తోడుగా ఉంటే పై గీత శిక్ష కాదు, విడుదల. ఒళ్ళు అక్కడ లేకపోతే ఎంత ఛాంపియనైనా పైన కేవలం నేర్పు మీద నిలబడాలి. నేర్పు పదమూడో రౌండు దాకా తీసుకెళుతుంది, పద్నాలుగుకు లేపదు. పైకి వెళ్ళడం ఒక పోటీ కోసం చేసే పని కాదు, ఒక ఏడాది కండ పెంచి, అక్కడి చేతుల బరువుకు అలవాటుపడి చేసే పని. ఇక జాబితాలు అచ్చువేసేవారి బాధ్యత మరొకటి. గీతను రెండు మూడేళ్ళకోసారి జరిపితే ఆ భారం ఏ సంస్థ మీదా పడదు, ఒక అమ్మాయి ఒంటి మీద పడుతుంది.

ఉమ్మడి వరంగల్ నుంచి 2016లో విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్ళలో బాక్సింగ్ రింగు కన్నా కబడ్డీ కోర్టు ఎక్కువ కనిపిస్తుంది. కబడ్డీలోనూ బరువుకు హద్దుంది, సీనియర్ పురుషులకు 85 కిలోలు, పిల్లలకు వయసును బట్టి ఇంకా తక్కువ. రేపు ఈ గురుకులాల నుంచి, ఈ బొగ్గు గనుల కాలనీల నుంచి ఒక పిల్ల బాక్సింగ్ సెలక్షన్లకు వెళితే, ముందు రోజు రాత్రి అన్నం మానేయమని చెప్పే పెద్దలు ఉండకూడదు. పదమూడేళ్ళ ఒళ్ళు పెరిగే ఒళ్ళు. దాన్ని గీత కింద అణిచిపెడితే ఆ ఏడాది పతకం వస్తుందేమో కానీ ఆ పిల్ల ఎదుగుదల దెబ్బతినవచ్చు. పీఈటీ సారు కాంటా చూసే ముందు ఆ పిల్ల ముఖం చూడాలి, పోయిన నెల కన్నా ఎంత ఎదిగిందో చూడాలి, ఎదిగినంత మేర పై విభాగంలో పేరు రాయాలి.

తేమ పోయిన వడ్లు బస్తాలకెక్కి మిల్లుకు పోతాయి, వాటి పని అక్కడితో అయిపోతుంది. తూకం దిగిన బాక్సర్ పని అప్పుడే మొదలవుతుంది.